అత్తగారికీ నాకూ మధ్య టెలికన్వర్టర్

మొన్న ఏం జరిగిందో చెప్తాను గానీ, ముందే ఒక మాట. నవ్వుకుంటే నవ్వుకోండి, కాస్త నెమ్మదిగా నవ్వండి. మా అత్తగారు వంటింట్లోనే ఉన్నారు. అత్తగారి ఫోటో తీయబోయి గూఢచారి అని పట్టుబడ్డ అల్లుడు ఈ రంగూన్ మొత్తం మీద నేనొక్కడినే అయ్యుంటాను! ఆ కప్పులు అందుకోండి. పాలడబ్బా దొరకలేదు, ఉత్త టీయే. సమ్మె రోజులు కదా, సర్దుకోండి.

చౌక్తడాలో మా ఆఫీసు మూతపడి మూడు వారాలైంది. టైపు మిషన్ల మీద గుడ్డలు కప్పేసి టైపిస్టులం అందరం బయటికొచ్చేశాం. పొద్దున సర్కారు దిగిపోవాలని ఊరేగింపులో నడుస్తాను, గొంతు పోయేదాకా అరుస్తాను, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి పడతాను. ఆ తర్వాత ఏం తోచదు. విమానాలు లేవు, తపాలా కదలదు, బయటి ప్రపంచం అంటే రేడియోలో గరగర. మా చిమిండైంగ్ పేటలో వీధి చివర వెదురు కంచె కట్టారు. రోడ్డుకి అవతల పేటవాళ్ళు వాళ్ళ కంచె వాళ్ళు కట్టుకున్నారు. వంతులేసుకుని కాపలా. కొత్త మొహం కనబడితే ఆపి అడుగుతారు. జనంలో కలిసిపోయి, ఎవరెవరు అరుస్తున్నారో చూసి, ఫోటోలు తీసి పైవాళ్ళకి చేరవేసే మనుషులున్నారు మరి. ఆ భయం ఉత్తిది కాదు, అందుకే ఎవరూ ఎవర్నీ తప్పు పట్టడం లేదు.

ఇలాంటప్పుడు మా అప్పన్న వచ్చాడు. అప్పన్న ఎవరంటే, మా ఆవిడ వైపు దూరపు చుట్టం, విశాఖపట్నం మనిషి, ఓడలో పనిచేస్తాడు. వాళ్ళ ఓడ సేక్కాన్ రేవులో ఇరుక్కుపోయింది. రేవు పనివాళ్ళు కూడా సమ్మెలోనే కదా! సరుకు ఎక్కినా ఎక్కకపోయినా ఎల్లుండి సాయంత్రం కదిలిపోతామన్నాడు. వస్తూ వస్తూ మా అత్తగారికి ఆవిడ చెల్లెలి ఉత్తరం తెచ్చాడు.

ఆ చెల్లెలు ఇరవై నాలుగేళ్ళ కిందట, దుకాణాలు సర్కారు లాక్కుని మనవాళ్ళందరూ ఓడలెక్కినప్పుడు స్వదేశం వెళ్ళిపోయింది. అత్తగారు ఉండిపోయారు. అప్పట్నుంచీ ఇద్దరూ మళ్ళీ చూసుకోలేదు. ఉత్తరంలో నాలుగే ముక్కలు. "అక్కా, నీ మొకం మర్సిపోతన్నాను. కళ్ళు మూసుకుంటే ఇదివరకు కనబడీదానివి, ఇప్పుడు కనబడతా నేదు. ఒక్క పోటో పంపు." అంతే. దాంతో పాటు తన ఫోటో ఒకటి పెట్టింది. అత్తగారు దాన్ని పట్టుకుని గంటసేపు ఏడ్చారు. ఏడుపు అయ్యాక కళ్ళు తుడుచుకుని, "దీని ముక్కింకా తిన్నగానే ఉందే!" అన్నారు. ఆ మాటలో ప్రేమా ఉంది, కుళ్ళూ ఉంది.

సరే, అత్తగారి ఫోటో పంపాలి. తపాలా ఎప్పటికి కదులుతుందో ఎవరికీ తెలీదు. అప్పన్న చేతికి ఇవ్వకపోతే మళ్ళీ ఎన్నేళ్ళకో! కానీ పంపడానికి ఇంట్లో ఆవిడ ఫోటో ఏదీ? ఒకే ఒకటుంది, మా పెళ్ళిలోది. అందులో తలుపు వెనక నుంచి అత్తగారి చెవి ఒకటి, సగం కొంగు.

ఎందుకంటే మా అత్తగారిది పాత పద్ధతి. అల్లుడికి ఎదురుపడరు. మేమున్నది ఆవిడ ఇంట్లోనే, పదకొండేళ్ళుగా ఒకే పొయ్యి మీద వండింది తింటున్నాం, అయినా ఆవిడ నా మొహంలోకి సూటిగా ఒక్కసారి కూడా చూడలేదు. నేను హాల్లోకొస్తే ఆవిడ వంటింట్లోకి. ఏం చెప్పాలన్నా మా ఆవిడ సత్యవతి ద్వారానే. సత్యవతి ఇంట్లో లేకపోతే నీళ్ళకుండతో చెప్తారు. "కుండా, అన్నం సల్లారిపోతంది, ఆరు తింటారేటో మరి!" ఆ 'ఆరు' అంటే వారు, అంటే నేనే; నేను కూడా కుండకే జవాబిస్తాను. మాకు అలవాటైపోయింది.

అలాగని ఆవిడ మెత్తటి మనిషని అనుకుంటారేమో! బజార్లో చింతపండు, పసుపు అమ్ముతారు. అక్కడ ఆవిడ బర్మా భాషలో నోరు విప్పితే పక్క వరసలో చేపలమ్మే వాళ్ళు కూడా తప్పుకుంటారు. ఆవిడ సిగ్గంతా తెలుగులోనే, అదీ నా ఒక్కడి దగ్గరే.

ఇక కెమెరా సంగతి. మా బాబాయి ఇచ్చిన పాత కెమెరా నా దగ్గరుందని మీకు తెలుసుగా, నూట ముప్ఫై అయిదు ఎం.ఎం. పొడుగు లెన్సుతో. అప్పన్న నాకోసం సింగపూర్ నుంచి ఒక వస్తువు తెచ్చాడు. "బావా, దీన్ని టెలికన్వర్టర్ అంటారు. కెమెరాకీ లెన్సుకీ మద్దిన బిగించీ. దూరంగా ఉన్నది రెండింతలు దగ్గరకొచ్చీసినట్టు ఉంటాది."

చిన్న గొట్టం. లోపల అద్దాలు. బిగించి వరండాలోంచి చూశాను. అవతల తీగ మీద కాకి! దాని కంటి చుట్టూ ముడత కూడా కనబడింది! తీసేసి చూశాను. మళ్ళీ బిగించి చూశాను. ఇంత గొట్టంలో ఏముంది? దగ్గరికి తెచ్చిన దానికి బదులుగా ఏం తీసుకుంటుంది? ఊరికే ఇవ్వదు కదా! కాసేపటికి అర్థమైంది. వెలుతురు తీసుకుంటుంది. లెన్సులోకి వచ్చే వెలుతురులో నాలుగో వంతే ఫిల్ముకి చేరుతుంది. మనిషి దగ్గరవుతాడు గానీ మసకబారతాడు. ఎంత గమ్మత్తు! కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు ముల్లు ఎంత పడుతుందో చూద్దామని, కాకి మీద ఫోకసు పెట్టి, ఊరికే... నొక్కేశాను.

సత్యవతి వెనకే ఉంది. "ఏటండీ అది?"

"కాకి."

"రోల్లో ఎన్నున్నాయి?"

అప్పుడు గుర్తొచ్చింది. రోలు అంతకుముందే ఎవరిదో పెళ్ళిలో అయిపోవచ్చింది. మిగిలినవి నాలుగు. ఇప్పుడు మూడు. ఫిల్ము అమ్మే షాపులన్నీ మూసే ఉన్నాయి, తెరిచినా వాళ్ళ దగ్గర సరుకు లేదు.

"కాకికి పోటో తీసేరా? మాయమ్మకి మూడు మిగిల్చేరా?" అంటూ సత్యవతి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. నాకున్న జబ్బే అది. ఏదైనా కొత్తది చేతిలో పడితే దాని సంగతేమిటో తేల్చుకునేదాకా ఒళ్ళు తెలీదు. ఒళ్ళు తెలిసేసరికి పని చెడుతుంది.

కానీ ఆ కాకిని చూస్తుంటేనే నాకు అసలు ఆలోచన తట్టింది. అది అంత దగ్గరగా కనబడింది గానీ నన్ను చూసి ఎగిరిపోలేదు. ఎందుకు? నేను దూరంగా ఉన్నాను కాబట్టి! మరి అత్తగారూ అంతే కదా? ఆవిడకి సిగ్గు నేను దగ్గరుంటేనే. నేను దూరం వెళ్ళిపోతే ఆవిడ మామూలుగా కూర్చుంటారు, టెలికన్వర్టర్ ఆవిడ మొహాన్ని దగ్గరికి తెస్తుంది. పైగా దూరం నుంచి తీస్తే ముక్కు కూడా ఉన్నంతే పడుతుంది. మొహంలో మొహం పెట్టి తీస్తేనే ముక్కు ముందుకొచ్చి ఉబ్బుతుంది. ఇది చెప్పగానే సత్యవతి వంటింట్లోకెళ్ళి తల్లి చెవిలో వేసింది. లోపల్నుంచి, "ముక్కు సిన్నదవుతాదేటి?" అని వినిపించింది. మేము గెలిచాం అనుకున్నాను.

మొదట ఇంట్లోనే ప్రయత్నించాం. మన ఇళ్ళు తెలుసుగా, సన్నగా పొడుగ్గా రైలు పెట్టెలాగా. ఆవిడ వీధి తలుపు దగ్గర, నేను పెరటి తలుపు దగ్గర. కెమెరా కన్నంలోంచి చూస్తే అంతా సాయంత్రం అయిపోయినట్టుంది! బయట వానమబ్బు, లోపల చీకటి, మిగిలిన కాస్త వెలుతురూ ఈ గొట్టం మింగేసింది. మీటరు ముల్లు పడుకుంది, లేవదు. ఊపిరి బిగపట్టి నొక్కాను. అంత పొడుగు లెన్సుకి నా గుండె కొట్టుకున్నా చాలు, బొమ్మ కదిలిపోతుంది. ఆ పైన క్లిక్ అనే లోపల అత్తగారు గోడ వైపు తిరిగిపోయారు.

"అమ్మీ, ఆరు ఈ ఇంట్లోనే ఉన్నారే! నానెలాగ సూసీది?"

మిగిలినవి రెండు.

సరే, వీధిలోకి మార్చాం. వాన కాస్త తెరిపిచ్చింది. ఇంటి ముందు స్టూలు వేశాం. అత్తగారు పెట్టెలోంచి నీలం పట్టుచీర తీసి కట్టుకున్నారు, చెంపలకి తనఖా చందనం పట్టించుకున్నారు. చూడండి, కట్టుకున్నది మన చీర, పూసుకున్నది బర్మా చందనం, అదీ మా అత్తగారు. నేను ఇరవై అడుగుల దూరంలో నించున్నాను.

"అమ్మీ, ఆరింకా కనబడతన్నారు."

"ఎనక్కంటండీ!" అని సత్యవతి అరిచింది.

నేను వెనక్కి నడిచాను. కంటికి కెమెరా అలాగే ఉంది.

"ఇంకా ఎనక్కంట!"

ఇంకో పది అడుగులు. ఈలోగా ఎదురింటి ఆడవాళ్ళందరూ గుమ్మాల్లోకి వచ్చారు. సంగతేమిటో పూర్తిగా తెలీదు గానీ, ఈయన వెనక్కి వెళ్ళాలని అమ్మ కోరుతోందని మాత్రం అర్థమైంది. ఇక వాళ్ళూ మొదలెట్టారు, చేతులు ఊపుతూ, "నౌక్! నౌక్!" వెనక్కి వెనక్కి అని. ఈ ఇంటివాళ్ళు ఆ ఇంటివాళ్ళకి, ఆ ఇంటివాళ్ళు ఆ పై ఇంటివాళ్ళకి. వీధంతా ఒకటే పాట.

యాభై అడుగుల దగ్గర అత్తగారి తల కాస్త లేచింది. కంటి కొస నా వైపు తిరుగుతోంది. బాగుంది! సంతోషం పట్టలేక, కెమెరా దించి, ఆవిడ వైపు చూసి నవ్వాను. తెలివితక్కువ పని! నవ్వి, మళ్ళీ ఎత్తి, నొక్కేసరికి కొంగు మొహం మీదికి వచ్చేసింది.

"ఓలమ్మ! ఆరు నవ్వతన్నారు! నానింక కూకోనేను!"

మిగిలింది ఒకటి.

సత్యవతి నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. కోపంగా లేదు, అదే నాకు భయం వేసింది. "ఇది పోతే పిన్నికి ఏటి పంపుతాం? రాత్రి అమ్మ ఆ ఉత్తరం తలగడ కింద ఎట్టుకుని పడుకుంది, తెలుసా?" అంది. ఈ ఒక్కటీ పోనివ్వను అన్నాను. ఆవిడకి నేనొక మనిషిలా కనబడనంత దూరం వెళ్తాను, అక్కడ్నుంచి తీస్తాను.

మళ్ళీ కన్ను కెమెరాకి పెట్టాను, ఇక దించలేదు. వెనక్కి నడుస్తున్నాను. లుంగీ ఒకసారి చెప్పు కింద పడింది, సర్దుకున్నాను. మా వీధి కంచె వచ్చింది. కాపలావాళ్ళు మనవాళ్ళే, పకపకా నవ్వుతూ అడ్డకర్ర ఎత్తారు. రోడ్డు మీదికి వచ్చాను. కన్నంలో అత్తగారు చిన్నగా, నిటారుగా కూర్చున్నారు. ఇంకొంచెం. రోడ్డు దాటుతున్నానని నాకు తెలీదు. వంద అడుగులు దాటిపోయుంటాయి. అప్పుడు, పదకొండేళ్ళలో మొదటిసారి, అత్తగారు తల పైకెత్తారు! నా వైపు! నా వేలు బటన్ మీదికి వెళ్ళింది. వీపుకి ఏదో తగిలింది.

వెదురు కంచె. మనది కాదు. అవతలి పేటది.

భుజం మీద ఒక చెయ్యి పడింది. ఇంకో చెయ్యి మోచెయ్యి పట్టుకుంది. తిరిగి చూస్తే ఎనిమిది మంది. అందరి చేతుల్లో కర్రలు. ఒక్కడికీ నవ్వు మొహం లేదు. అప్పుడు తెలిసింది నేనెలా కనబడుతున్నానో! చేతిలో మూరెడు పొడుగు గొట్టం, కంటికి కెమెరా, ఊరి మీదికి గురిపెట్టి, దొంగలాగా వెనక నడకతో వాళ్ళ పేటలో దూరుతున్న మనిషి.

వాళ్ళ పెద్దాయన, పేరు ఊ చో అట, జుట్టు తెల్లబడ్డ మనిషి, గొంతు పెంచకుండా అడిగాడు. "ఎవర్ని తీస్తున్నావు?"

"మా అత్తగారిని."

"ఎక్కడుంది?"

చూపించాను. రోడ్డుకి అవతల, కంచెకి అవతల, వీధి లోపల, స్టూలు మీద నీలం చుక్క.

ఆయన ఆ చుక్కని చూశాడు. నన్ను చూశాడు. "అత్తగారి ఫోటో ఇంత దూరం నుంచి ఎవడైనా తీస్తాడా?"

"దగ్గరికి వెళ్తే ఆవిడ సిగ్గుపడతారండీ."

"ఎవర్ని చూసి?"

"నన్ను చూసి."

"కొత్తగా పెళ్ళయిందా?"

"పదకొండేళ్ళయింది. అందరం ఒకే ఇంట్లో ఉంటాం."

నా మోచెయ్యి పట్టుకున్నతను మంచి భారీ మనిషి, కో తిన్ వే అని పేరు, సైక్కా రిక్షా తొక్కుతాడు. జాలిగా చూసి, "అకో, అన్నా, మా అత్త నన్ను రోజూ పొద్దున్నే చీపురు పెట్టి పొడిచి లేపుతుంది. అబద్ధమాడితే కాస్త నమ్మేలా ఆడాలి," అన్నాడు.

వాళ్ళ తప్పేముంది? బర్మా ఇళ్ళల్లో అల్లుడంటే కొడుకే. అత్తా అల్లుడూ ఎదురుబొదురు కూర్చుని తింటారు, పోట్లాడుకుంటారు. మన పద్ధతిని బర్మా భాషలో చెప్పడానికి నా దగ్గర మాటలే లేవు. ఎంత వివరిస్తే అంత దొంగనైపోతున్నాను. కుండ సంగతి కూడా చెప్పాను, ఎందుకు చెప్పానో దేవుడికి తెలియాలి. ఆ తర్వాత ఊ చో మొహం ఇంకా బిగుసుకుంది.

"కెమెరా తెరువు. ఫిల్ము బయటికి లాగు," అన్నాడు.

నా ప్రాణం పోయినంత పనైంది. తెరిచి లాగితే వెలుతురు తగిలి అంతా తెల్లబడిపోతుంది, మిగిలిన ఆ ఒక్క ముక్కతో సహా. పిన్ని మళ్ళీ కళ్ళు మూసుకున్నా అక్క మొహం కనబడదు. కెమెరాని రెండు చేతులా కడుపుకి హత్తుకున్నాను. "ఫిల్ము తప్ప ఏదైనా అడగండి!" అన్నాను. ఎంత మంచి మాట! ఎనిమిది మందీ ఒక అడుగు ముందుకేశారు.

ఆ కంగారులో తోచిందొకటే. "మీరే చూడండి! ఇందులోంచి చూస్తే ఆవిడ మొహం కనబడుతుంది. అత్తగారో కాదో మీరే చెప్పండి!"

ఊ చో తలూపాడు. కో తిన్ వే నా చేతిలోంచి కెమెరా తీసుకున్నాడు. బరువుగా ఉందని లెన్సుని కంచె మీది అడ్డవెదురు మీద ఆనించి కన్ను పెట్టాడు.

"ఏమీ లేదు. మసక."

"ముందున్న ఆ ఉంగరం తిప్పు."

తిప్పాడు. "అమ్మో!" అని తల ఎత్తి రోడ్డు అవతలికి చూశాడు. మళ్ళీ కన్ను పెట్టాడు. మళ్ళీ తల ఎత్తాడు. "అక్కడుంది... ఇక్కడుంది! ఇదేమిటి అకో?"

అది విన్నానో లేదో, నా జబ్బు తిరగబెట్టింది. చుట్టూ కర్రలున్నాయని మర్చిపోయాను. "ఆ చిన్న గొట్టం చూశావా, దాని పేరు టెలికన్వర్టర్. దూరాన్ని రెండింతలు దగ్గర చేస్తుంది, వెలుతుర్ని నాలుగో వంతు చేస్తుంది. ఆ పక్కన ముల్లుంది చూడు, అది నడుమకి రావాలి. వెదురు మీద ఆనించావే, ఎంత మంచి పని చేశావో! నాకిప్పటిదాకా తోచలేదు. అలా అయితే కదలదు. ఇక, ఇదిగో, ఇక్కడ నొక్కితే..." అని అతని వేలు పట్టుకెళ్ళి బటన్ మీద పెట్టాను కూడా! వెనక మిగతావాళ్ళు నాకూ చూపించు, నాకూ చూపించు అని తోసుకుంటున్నారు. ఊ చో కూడా మెడ చాచాడు.

ఇంతలో కో తిన్ వే కన్ను తీయకుండానే, "అకో, అమ్మ లేచింది," అన్నాడు.

"ఎవరు?"

"నీ అత్త. పక్కన ఎవరో ఆడమనిషి మన వైపు చెయ్యి చూపిస్తోంది. అమ్మ వస్తోంది. చాలా వేగంగా వస్తోంది." ఉంగరం తిప్పుతున్నాడు, మసక రానివ్వకుండా చక్కగా తిప్పుతున్నాడు. "అకో, అమ్మ వంగింది. చెప్పు తీసింది. చేతిలో పట్టుకుంది."

అప్పటికి మాకు గొట్టం అవసరం లేకపోయింది. మా వీధి కంచె దగ్గర అడ్డకర్ర వాళ్ళు ఎత్తేలోపే ఆవిడ దాని కిందనుంచి దూరి వచ్చేశారు. రోడ్డు మధ్యలో, మాకు ఇరవై అడుగుల దూరంలో ఆగారు. కొంగు జారిపోయింది, చెంపల మీద తనఖా చెమటకి చారలైంది. చెప్పు ఎత్తి పట్టుకుని బజారు గొంతుతో, స్వచ్ఛమైన బర్మాలో మొదలెట్టారు.

"ఎవడ్రా మా తమెత్ మీద చెయ్యేసింది? మా అల్లుడు! నా ఇంటి మనిషి! ఆయన ఎవర్ని పట్టిస్తాడ్రా? ఇంట్లో కాకిని తోలమంటే దానికి ఫోటో తీసి కూర్చున్నాడు!" ఇక బర్మా చాలక తెలుగులోకి వచ్చేశారు. "ఒగ్గండి ఆరిని! ఒగ్గుతారా నేదా?"

క్లిక్.

అందరం కెమెరా వైపు తిరిగాం. కో తిన్ వే మెల్లిగా తల ఎత్తాడు. "నొక్కేశాను అకో," అన్నాడు. "భయం వేసి వేలు బిగుసుకుంది. పరవాలేదా?"

నేను అక్కడే రోడ్డు మీద చతికిలబడ్డాను. ఆఖరిది! మూడు నేను పాడుచేశాను, నాలుగోది రిక్షా ఆయన పాడుచేశాడు. ఊ చో మాత్రం కర్ర కిందపెట్టి అత్తగారికి వంగి దండం పెడుతున్నాడు. "దో నరసమ్మగారా! నేను మీ దగ్గరే కదా చింతపండు కొనేది! ఏమయ్యా, చింతపండు అమ్మ అల్లుడినని మొదటే చెప్పొచ్చు కదా? కుండలూ సిగ్గులూ ఏమిటి మధ్యలో?" అని నన్ను కోప్పడ్డాడు.

గొడవ తీరింది. తీరిపోయాక అత్తగారికి ఒక్కసారిగా తెలివొచ్చింది, ఎదురుగా అల్లుడున్నాడని. చెప్పు కాలికి తొడుక్కుని, కొంగు మొహం మీదికి లాక్కుని, పక్కకి తిరిగిపోయారు. సత్యవతి ఇంకా కంచె దగ్గరే ఉంది. చుట్టుపక్కల కుండ లేదు. అందుకని ఆ పేట వెదురుకంచె వైపు చూస్తూ, "పొద్దోయింది, ఆరు అన్నం తినాలి," అన్నారు. నేను కంచెతోనే, "వస్తున్నానండీ," అన్నాను. కో తిన్ వే ఆ కంచె చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాడు, వెనకాల ఎవరున్నారా అని.

మర్నాడు పొద్దున రోలు పట్టుకుని స్టూడియోకి వెళ్ళాను. స్టూడియో ఆయన షాపు షట్టరు సగం దించి, మిగిలిన మందులతో కడిగిపెట్టాడు. ఆశ లేదు, అయినా చూడాలి కదా! పెళ్ళివి పోను మొదటిది కాకి. బ్రహ్మాండంగా వచ్చింది, చెప్పడానికే సిగ్గేసింది. రెండోది పొగ, అందులో గోడ. మూడోది కొంగు. నాలుగోది ఆయన తడి కాగితంగానే ఎత్తి వెలుతురులో పట్టుకున్నాడు.

అత్తగారు! పూర్తిగా అత్తగారు. ఒక్క వెంట్రుక కదల్లేదు, వెదురు మీద ఆనించాడు కదా. దూరం సరిపోయింది, ముక్కు ఉన్నంతే ఉంది. నోరు తెరిచి ఉంది, చెప్పు పైకెత్తి ఉంది. కళ్ళు మాత్రం సూటిగా లెన్సులోకి, చూస్తున్నవాళ్ళ గుండెలోకి! పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో ఉంటున్నాను, మా అత్తగారివి అంత పెద్ద కళ్ళని నాకు ఆ కాగితం చూశాకే తెలిసింది. ఆ కోపం నా కోసమేనని తలుచుకుంటే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. స్టూడియో ఆయన మందుల ఘాటనుకున్నాడు.

ఇంటికి తెచ్చాను. సత్యవతి చూసి నాలిక కరుచుకుంది. "సెప్పు ఉన్న మేర కత్తిరించీసి పంపుదామేటి?" అంది.

అత్తగారు వంటింటి గుమ్మం వెనక చాలాసేపు ఆ ఫోటో పట్టుకుని ఉండిపోయారు. తర్వాత గొంతు వినిపించింది. "కత్తిరించకు అమ్మీ. సిన్నప్పుడు దానికోసం వీదిలో అందరి మీదికీ నానిలాగే ఎల్లీదాన్ని. అది నన్నిలాగే ఎరుగును. సూడగానే పోల్చీస్తాది." ముక్కు చీదుకుని, "ముక్కు కూడా బాగానే పడింది," అన్నారు.

నిన్న సాయంత్రం అప్పన్న ఓడకి వెళ్ళే ముందు వచ్చాడు. ఫోటో వెనకాల నాలుగు ముక్కలు రాసి ఇవ్వాలి కదా, ఇంట్లో అక్షరాలు గుండ్రంగా ఉండేది నావే. కలం పట్టుకుని కూర్చున్నాను. అత్తగారు లోపల్నుంచి సత్యవతికి చెప్పడం, సత్యవతి నాకు చెప్పడం, నేను రాయడం.

"'సెల్లీ, ఇదే మీ అక్క' అని రాయమను."

రాశాను.

"'ఈ పోటో తీసినాయన అవతలి పేట కో తిన్ వే గారు, రిచ్చా తొక్కుతారు, సేతిలో మంచి పనుంది' అని రాయమను."

కలం ఆగిపోయింది. అయినా నిజమే కదా, రాశాను. రాసి, ఉండబట్టలేక గుమ్మం వైపు చూసి, "సత్యా, మరి నా గురించి ఏమీ వద్దా?" అన్నాను.

వంటింట్లో కాసేపు గుసగుసలు. సత్యవతి బయటికొచ్చింది, నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. "'మా అల్లుడుగారు కూడా చాలా కష్టపడ్డారు, కెమెరా మోసుకెళ్ళింది ఆరే' అని రాయమంది అమ్మ."

రాశాను. నా చేత్తో నేనే, గుండ్రటి అక్షరాలతో. చివర్న ఒక్క ముక్క మాత్రం సొంతంగా చేర్చుకున్నాను. 'టెలికన్వర్టర్‌తో సహా.'